చలికాలంలోనే చక్కబెట్టుకోవాల్సిన పనులు: భివండీ తెలుగు ఇళ్లకు ఒక వివరం

వానలు తగ్గి, దీపావళి కూడా అయ్యాక భివండీలో ఆఫీసుల చుట్టూ తిరగడానికి వీలైన నాలుగు నెలలు మొదలవుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సేతు కేంద్రాల ముందు జూన్‌లో ఉండేంత తోపులాట ఉండదు. పండగలకు చుట్టాలు ఇంటికి వస్తారు, మనమూ ఊరికి వెళ్తాం. ఇంట్లో పదో తరగతో పన్నెండో తరగతో చదివే పిల్లలుంటే అసలు సమయం ఇదే. ఫలితాలు వచ్చాక పరుగెత్తితే జాతి దాఖలా ఎలాగో చేతికి రావచ్చు గానీ, దాని పడతాళణి, అంటే అందరూ వ్యాలిడిటీ అనే పత్రం, అడ్మిషన్ గడువులోగా రావడం కష్టం. అది లేకపోతే రిజర్వేషన్ సీటు చేజారుతుంది. అందుకే ఈ చలికాలంలో ఏ పని ఎక్కడ చేసుకోవాలో, పండగల్లో దానికి ఎలా సాయం దొరుకుతుందో ఒకచోట రాస్తున్నాం.

1967 అక్టోబరు 13 అంటే ఏమిటి

మహారాష్ట్రలో పద్మశాలీలు కోష్టీ తదితర నేత కులాలతో పాటు ఎస్‌బీసీ, అంటే విశేష మాగాస్ ప్రవర్గంలో ఉన్నారు. ఈ వర్గానికి 2 శాతం రిజర్వేషన్ ఉంది. తెలంగాణలో మనం బీసీ-బీ. అక్కడి సర్టిఫికెట్ ఇక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు. ఇక్కడ పొందాలంటే మన కుటుంబం 1967 అక్టోబరు 13 నాటికే మహారాష్ట్రలో నివాసం ఉన్నట్టు చూపించాలి. ఓబీసీలకూ ఇదే తేదీ. విముక్త జాతులు, సంచార జాతులకు 1961 నవంబరు 21. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6.

చాలామంది ఇక్కడే పొరబడతారు. పిల్లవాడు భివండీలో పుట్టాడు, తండ్రి భివండీలోనే పుట్టాడు, ఇంకేం కావాలి అనుకుంటారు. తండ్రి పుట్టింది 1975లో అయితే ఆ ఆధారం చాలదు. తాతదో ముత్తాతదో కాగితం కావాలి. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి సాంచాల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఇళ్లలో ఆ తరం పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఏ సంవత్సరం వచ్చారో, మొదట ఎవరి కార్ఖానాలో చేశారో, ఏ చాళ్‌లో ఉన్నారో నోటితో చెప్పగలిగేవాళ్లు ఉండగానే అడిగి రాసి పెట్టుకోవాలి. వాళ్లు చెప్పిన మాటే రుజువు కాదు. కానీ రుజువు కోసం ఏ బడికి, ఏ ఆఫీసుకు వెళ్లాలో ఆ మాటతోనే తెలుస్తుంది.

ఇంకో సంగతి. కులం పుట్టుకతో, తండ్రి వైపు నుంచి చూస్తారు. తెలంగాణ నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయికి అత్తింటివారి 1967 కాగితం పనికిరాదు. ఆమె పిల్లలకు మాత్రం వాళ్ల నాన్న వైపు కాగితాలు చెల్లుతాయి.

ఇంట్లో వెతకాల్సిన కాగితాలు

రేకు పెట్టెలో, దేవుడి అరలో, పాత బీరువా అడుగున ఇవి ఉండొచ్చు:

– తాత, ఆయన అన్నదమ్ములు, మేనత్తలు చదివిన బడి దాఖలా. కాగితం పోయినా బడిలో జనరల్ రిజిస్టర్ ఉంటుంది. దాని నకలు అడిగి తెచ్చుకోవచ్చు.
– భివండీ కార్పొరేషన్ కాకముందు, నగరపాలిక రోజుల్లో నమోదైన జనన మరణాల నకళ్లు.
– పాత ఘర్‌పట్టీ రసీదులు, ఇల్లు కొన్న కాగితాలు, అద్దె రసీదులు.
– అప్పటి ఓటరు జాబితాలో పేరున్న పేజీ, మిల్లులో పనిచేసినట్టు చూపే పాత పత్రాలు.

వీటిలో కొన్ని నివాసాన్ని చూపుతాయి, కొన్ని కులాన్ని చూపుతాయి. రెండూ కావాలి. ఘర్‌పట్టీ రసీదులో కులం ఉండదు. ఊళ్లో బడి రిజిస్టరులో కులం ఉంటుంది గానీ మహారాష్ట్ర నివాసం ఉండదు. తాత ఊళ్లో చదివి ఆ తర్వాత ఇక్కడికి వచ్చి ఉంటే రెండుచోట్ల నుంచీ కాగితాలు తెచ్చి, ఇద్దరూ ఒకే మనిషి అని చూపాల్సి వస్తుంది.

అన్నిటికన్నా బలమైనది తండ్రి వైపు రక్తసంబంధీకులలో ఒకరికి ముందే వచ్చిన వ్యాలిడిటీ. సోలాపూర్‌లో ఉన్న పెదనాన్న కొడుకుకో, పుణెలో ఉన్న చిన్నాన్న కూతురికో వచ్చి ఉంటే దాని నకలు, వంశవృక్షం జతచేయండి. మన పని చాలా తేలికవుతుంది.

పేర్ల చిక్కు

మన ఫైళ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఊరి కాగితాల్లో ఇంటిపేరు ముందు, ఒక్క అక్షరంగా ఉంటుంది. తండ్రి పేరు ఉండదు. ఇక్కడి పద్ధతిలో ముందు మనిషి పేరు, మధ్యలో తండ్రి పేరు, చివర ఇంటిపేరు. తాత పేరు ఒకచోట 'య్య'తో, ఒకచోట 'లు'తో, మరోచోట మరాఠీ బడి మాస్టారు విన్నట్టుగా రాసి ఉంటుంది. కులం గడిలో 'పద్మశాలి' అని ఒకచోట, ఉత్త 'హిందూ' అని ఇంకోచోట ఉంటే అధికారి ప్రశ్న వేస్తాడు.

పెద్దవాళ్ల కాగితాలను ఇప్పుడు మార్చలేం. తేడాలన్నీ ఒక అఫిడవిట్‌లో రాసి, ఇద్దరూ ఒక్కరే అని చెప్పుకోవాలి. పిల్లల సంగతి వేరు. పిల్లవాడు బడిలో ఉండగానే హెడ్మాస్టరు ద్వారా దిద్దించుకోవచ్చు. బడి వదిలాక దాఖలా మార్చడం చాలా కష్టం. పదో తరగతి బోర్డు పరీక్షలు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి గనుక దానికి ముందే బడికి వెళ్లి జనరల్ రిజిస్టరులో పేరు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష నాలుగూ చూసుకోండి. మాతృభాష గడిలో 'తెలుగు' అని ఉండటం ముఖ్యం. తెలుగు భాషా అల్పసంఖ్యాక సంస్థలు నడిపే కాలేజీల్లో ఆ కోటా సీటుకు ఆ గడినే చూస్తారు. హిందీ మీడియం, మరాఠీ మీడియం బడుల్లో అడిగి రాయించకపోతే ఏదో ఒకటి రాసేస్తారు.

ఏ వరుసలో, ఎక్కడికి

మొదట జాతి దాఖలా. 'ఆపలే సర్కార్' పోర్టల్‌లో గానీ సేతు కేంద్రంలో గానీ దరఖాస్తు చేస్తే భివండీ ప్రాంత్ ఆఫీసు నుంచి వస్తుంది. తర్వాత వ్యాలిడిటీ. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు కాలేజీ ద్వారా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, కాగితాలను ఠాణేలోని జిల్లా జాతి ప్రమాణపత్ర పడతాళణి సమితికి ఇవ్వాలి. సమితికి అనుమానం వస్తే విజిలెన్స్ సెల్‌కు పంపుతుంది. వాళ్లు ఇంటికి, పాత బడికి వచ్చి విచారిస్తారు. నెలలు పట్టేది ఇక్కడే. పన్నెండు పాసయ్యాక కాకుండా పదకొండులోనే మొదలుపెట్టమనేది ఇందుకే.

మూడోది నాన్ క్రీమీలేయర్. ఎస్‌బీసీకి ఇది తప్పనిసరి. ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షల రూపాయలు. ఈ పత్రం గడువు మార్చి 31తో ముగుస్తుంది. మీ దగ్గర ఉన్నదాని మీద ఏ సంవత్సరం ఉందో చూడండి. ఈ మార్చితోనే తీరిపోతుంటే జూన్ అడ్మిషన్‌కు కొత్తది కావాలి. మూడేళ్ల ఆదాయ కాగితాలు ఇప్పుడే పోగుచేసి పెట్టుకుంటే ఏప్రిల్‌లో వెంటనే దరఖాస్తు చేయొచ్చు.

దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా తేదీ ఉన్న రసీదు తీసుకోండి. మహారాష్ట్ర లోకసేవా హక్కు చట్టం 2015లో వచ్చింది. దీనికింద నోటిఫై అయిన సేవ గడువులోగా అందకపోతే రెండుసార్లు అప్పీలు, ఆ తర్వాత కమిషన్‌కు వెళ్లే హక్కు మనకు ఉంది. రసీదు లేకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. 'నేను చేయిస్తా' అనే ఏజెంటు చేతిలో అసలు కాగితాలు పెట్టకండి. 1960ల నాటి దాఖలా పోతే మళ్లీ దొరకదు. స్కాన్ చేసి ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల ఫోన్లలో ఉంచండి.

జనన దాఖలా, ఘర్‌పట్టీ

ఇంట్లో బిడ్డ పుడితే 21 రోజుల్లో నమోదు కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాలి. పేరు పెట్టకుండా నమోదు చేయించిన పిల్లల పేరు 15 ఏళ్లలోపు చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి జనన దాఖలాయే ఆధారం. అందులో ఇంటిపేరు, తండ్రి పేరు స్పెల్లింగు మొదటిరోజే సరిచూసుకోండి. పైన చెప్పిన చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

ఘర్‌పట్టీ ఏడాదికి రెండు వాయిదాలు: ఏప్రిల్ 1, అక్టోబరు 1. రెండో వాయిదా కట్టాల్సింది ఈ కాలంలోనే. బాకీ పడితే నెలకు 2 శాతం చొప్పున జరిమానా పడుతుంది. బిల్లు ఇంకా చనిపోయిన తాత పేరునే వస్తుంటే వారసుల పేరు ఎక్కించుకోండి. అయితే పాత పేరున్న రసీదులను పారేయకండి. అవే మన పాత నివాసానికి సాక్ష్యం.

దగ్గు, తట్టు

చలికాలంలో పొడిగాలికి కార్ఖానాల్లో దూది దుమ్ము ఎక్కువసేపు గాలిలో ఉంటుంది. సాంచా మీద పనిచేసేవాళ్లు దగ్గును దుమ్ము మీదకు నెట్టేసి ఊరుకుంటారు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఇందిరా గాంధీ స్మారక దవాఖానాలో, అంటే మనం ఐజీఎం అనే చోట, గళ్ల పరీక్ష చేయించాలి. టీబీ పరీక్ష, మందులు ఉచితం. మామూలు టీబీకి ఆరు నెలలు మందు వాడాలి. 2024 నవంబరు నుంచి చికిత్స సాగినన్నాళ్లూ నెలకు 1000 రూపాయలు పోషణ సాయం రోగి బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. మధ్యలో బాగయిందని ఆపేస్తే మందులు పనిచేయని టీబీగా మారవచ్చు.

2022 చలికాలంలో ముంబై, మాలేగావ్‌లతో పాటు భివండీలోనూ తట్టు ప్రబలింది. ఆ టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేయించాలి. చాలా ఇళ్లలో రెండోది మరచిపోతారు. కార్డు తీసి చూడండి. అత్యవసరానికి అంబులెన్సు 108, అగ్నిమాపక దళం 101, ఏ ఆపదకైనా 112.

పండగల్లో జరిగే పని

ధనుర్మాసం, ముక్కోటి ఏకాదశి, భోగి, సంక్రాంతి వరుసగా వస్తాయి. సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా మరాఠీ ఇళ్లలో హల్దీ కుంకుం జరుగుతుంది. మన ఆడవాళ్లు పేరంటంలాగే దానికీ వెళ్తారు, పిలుస్తారు. ఇరుగుపొరుగు పిల్లలకు ఎవరి ద్వారా ఏ పని అయిందో అక్కడ తెలిసినంత త్వరగా ఇంకెక్కడా తెలియదు. మాఘ శుద్ధ తదియ నాడు మార్కండేయ జయంతి. పద్మానగర్, కామత్‌ఘర్ వైపు ఇళ్లవాళ్లంతా కలుసుకునే రోజు అది. వ్యాలిడిటీ వచ్చిన కుటుంబాలు తమ వంశవృక్షం, కాగితాల జాబితా పట్టుకొస్తే ఒకే ఇంటిపేరు, ఒకే మూలపురుషుడు ఉన్న మిగతావాళ్లు అక్కడే పోల్చి చూసుకోవచ్చు. భోజనాల తర్వాత ఒక గంట, ఒక బల్ల, రాయడం వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఉంటే చాలు. దీనికి పెద్ద ఖర్చు లేదు.

ఊరికి వెళ్లేవాళ్లు రైలు టికెట్ 60 రోజుల ముందు తీసుకోవచ్చు. జనవరి 12న బయల్దేరాలంటే నవంబరు 13 పొద్దున బుకింగ్ తెరుచుకుంటుంది. కల్యాణ్‌లో ఎక్కితే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ సోలాపూర్, సికింద్రాబాద్, వరంగల్ మీదుగా వెళ్తుంది. దేవగిరి నాందేడ్, నిజామాబాద్ మీదుగా వెళ్తుంది. సెలవులు మొదలుకాక ముందే ఒకరోజు ఊరి బడికి వెళ్లి తాత పేరు మీద నకలు అడగండి. పండగ రోజున వెళ్తే బడికి తాళం ఉంటుంది.

నెలవారీగా

నవంబరు: రైలు టికెట్లు, ఇంట్లో పాత కాగితాల వెతుకులాట, పెద్దవాళ్లను అడిగి రాసుకోవడం.
డిసెంబరు: పిల్లల బడి రిజిస్టరు సరిచూసుకోవడం, ఘర్‌పట్టీ, టీకా కార్డు.
జనవరి: ఊరి బడి నకలు, బంధువుల వ్యాలిడిటీ నకళ్లు, జాతి దాఖలా దరఖాస్తు.
ఫిబ్రవరి: జాతి దాఖలా ఉన్నవాళ్లు వ్యాలిడిటీ దరఖాస్తు, మూడేళ్ల ఆదాయ కాగితాలు.

తాత సాంచా మీద నిలబడి ఈ ఊళ్లో చోటు సంపాదించాడు. ఆయన ఇక్కడ ఉన్నాడని చూపే కాగితం మాత్రం మనవడే వెతకాలి. ఆ పని ఈ నాలుగు నెలల్లో మొదలుపెట్టండి.