మోటార్ సైకిల్ రిజర్వ్: పనితీరు, లోపాలు, సూరత్ వర్షాకాలం

మోటార్ సైకిల్‌లో రిజర్వ్ అంటే ట్యాంకు నుంచి మామూలు సరఫరా ఆగిపోయాక బంకు దాకా వెళ్లడానికి మిగిలే పెట్రోల్. ఆ పెట్రోల్‌ను ఇంజనుకు అందించే ఏర్పాటునూ అదే పేరుతో పిలుస్తారు. కార్బురేటర్ బళ్లలో ట్యాంకు కింద ఉండే పెట్రోల్ కాక్ ఈ పని చేస్తుంది. దాని పిడికి ఆన్, రిజర్వ్, ఆఫ్ అని మూడు స్థానాలు ఉంటాయి.

కాక్ నుంచి ట్యాంకు లోపలికి ఒక సన్నని గొట్టం నిలువుగా లేచి ఉంటుంది. ఆన్‌లో ఉన్నప్పుడు పెట్రోల్ ఆ గొట్టం పై కొన నుంచి దిగుతుంది. మట్టం ఆ కొన కంటే తగ్గగానే సరఫరా ఆగుతుంది, బండి కుదుపులిచ్చి ఆగబోతుంది. అప్పుడు పిడిని రిజర్వ్‌కి తిప్పితే గొట్టం మొదట్లో, ట్యాంకు అడుగున ఉన్న రంధ్రం తెరుచుకుంటుంది. వేరే ట్యాంకు ఏమీ లేదు, ఉన్నది అదే ట్యాంకు అడుగు. కంపెనీ పుస్తకంలో రాసే రిజర్వ్ పరిమాణం కూడా మొత్తం సామర్థ్యంలో భాగమే, దానికి అదనం కాదు. చాలా బళ్లలో అది ఒకటి నుంచి రెండు లీటర్ల దాకా ఉంటుంది.

రిజర్వ్ ఇచ్చే ఇబ్బందులన్నీ ఇక్కడే పుడతాయి. తుప్పు రజను, దుమ్ము, నీళ్లు, పెట్రోల్ ఎండి మిగిలిన జిగురు అన్నీ అడుగుకే చేరతాయి. నెలల తరబడి ఆన్‌లో నడిచిన బండికి ఇవేవీ తెలియవు. దారి మధ్యలో పిడి తిప్పిన రోజున అన్నీ ఒకేసారి కార్బురేటర్ వైపు కదులుతాయి.

సూరత్, లింబాయత్

గుజరాత్‌లోని సూరత్ తాపీ నది ఒడ్డున, సముద్రానికి దగ్గరలో ఉంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గం పని కోసం వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉంటున్నాయి. లింబాయత్ వారి ప్రధాన నివాసం. నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపింది. ఉధ్నా, పాండేసరా వైపు మరమగ్గాలకు షిఫ్టు వేళకు చేరాలన్నా, రింగు రోడ్డు బట్టల మార్కెట్‌కు వెళ్లాలన్నా చాలామందికి ద్విచక్ర వాహనమే ఆధారం. దారిలో బండి మొరాయిస్తే ఆ పూట కూలి దెబ్బతింటుంది.

2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి నగరంలో అత్యధిక భాగం మునిగింది. అంత వరద అరుదే. కానీ నగరంలోంచి పారే మీఠీ ఖాడీ భారీ వానలకు పొంగితే లింబాయత్ పల్లపు వీధుల్లోకి నీళ్లు రావడం అలా కాదు, అది మళ్లీ మళ్లీ జరిగేదే. అందుకే ఇక్కడ రిజర్వ్ సమస్య అనగానే ముందు నీటిని అనుమానించాలి.

ట్యాంకులోకి నీళ్లు రావడానికి బండి మునగాల్సిన పని కూడా లేదు. ట్యాంకు పైభాగంతో సమంగా కూర్చునే మూతల చుట్టూ ఉన్న గాడిలో వాన నీరు నిలుస్తుంది. ఆ నీరు కిందికి పోవడానికి ఒక చిన్న రంధ్రం, దానికొక సన్నని పైపు ఉంటాయి. మట్టితో అది పూడితే నీరు మూత రబ్బరు పక్క నుంచి ట్యాంకులోకి ఇంకుతుంది. సర్వీసింగ్‌లో ఒత్తిడితో కొట్టే నీళ్లూ ఇదే దారి పడతాయి. పైగా తేమ గాలి సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లబడి లోపలి గోడలకు చెమ్మగా పడుతుంది.

నీళ్లు పెట్రోల్ కంటే బరువు. లీటరు నీళ్లు కిలో తూగితే లీటరు పెట్రోల్ ముప్పావు కిలో దరిదాపుల్లో తూగుతుంది. కాబట్టి నీళ్లు ఎప్పుడూ రిజర్వ్ రంధ్రం పక్కనే కూర్చుంటాయి. పెట్రోల్‌లో ఇథనాల్ కలపడంతో ఇందులో ఇంకో మెలిక చేరింది. దేశంలో 10 శాతం మిశ్రమం లక్ష్యం 2022లో నెరవేరింది, 20 శాతం మిశ్రమం అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ కొద్దిపాటి నీటిని తనలో కలుపుకుంటుంది, అంతవరకు హాని ఉండదు. హద్దు దాటితే మాత్రం నీళ్లు, ఇథనాల్ కలిసి ఒక పొరగా విడిపోయి అడుగుకు దిగుతాయి. ఆ పొరతో ఇంజను నడవదు. ఆన్‌లో చక్కగా నడిచిన బండి రిజర్వ్‌కి తిప్పగానే చచ్చిపోయి ఎన్ని కిక్కులు కొట్టినా లేవకపోతే, చాలాసార్లు కారణం ఇదే.

లోపం పట్టుకోవడం

మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పిడి ఇప్పటికే రిజర్వ్‌లో ఉందేమో చూడాలి. పోయినసారి పెట్రోల్ పోయించి ఆన్‌కి తిప్పడం మరిచిపోయి ఉంటే ఇక మిగిలేది ఏమీ ఉండదు. అప్పుడు బండిని కాక్ ఉన్న వైపుకు బాగా వంచాలి. ట్యాంకు మధ్యలో ఫ్రేము కోసం వదిలిన గుంతకు అవతలి పక్కన నిలిచిన పెట్రోల్ ఇవతలికి వస్తుంది. మన ఊళ్లలో అందరికీ తెలిసిన ఈ చిట్కాతో దగ్గరలోని బంకు దాకా వెళ్లవచ్చు.

ట్యాంకులో పెట్రోల్ ఊగుతున్న చప్పుడు వినిపిస్తున్నా బండి కదలకపోతే మూత తెరిచి చూడాలి. బుస్సుమని గాలి లోపలికి పోయి బండి స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం పూడినట్టు. పెట్రోల్ దిగేకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి, రాకపోతే ధార ఆగిపోతుంది. కాక్ మార్చమని చెప్పే ముందు ఈ పరీక్ష చేయని మెకానిక్‌ను నమ్మకపోవడమే మేలు.

అసలు పరీక్ష ధార చూడటం. ఇంజను చల్లారాక, ఆరుబయట, చుట్టుపక్కల బీడీ గానీ నిప్పురవ్వ గానీ లేకుండా చూసుకుని, కార్బురేటర్ దగ్గర పెట్రోల్ పైపు ఊడదీసి గాజు సీసాలో పెట్టాలి. పిడిని ఆన్‌లోనూ రిజర్వ్‌లోనూ విడివిడిగా ఉంచి చూడాలి. ఆన్‌లో ధార బాగుండి రిజర్వ్‌లో చుక్కలు పడుతుంటే కింది రంధ్రం గానీ దాని జాలీ గానీ మూసుకుపోయింది. రెండింటిలోనూ రాకపోతే గాలి రంధ్రం, మడతపడిన పైపు, కాక్ లోపలి వాషర్ వరుసగా చూడాలి. ఆఫ్‌లో పెట్టినా కారుతుంటే వాషర్ పోయింది. అలా కారిన పెట్రోల్‌ను కార్బురేటర్‌లోని ఫ్లోట్ సూది కూడా ఆపలేకపోతే అది రాత్రంతా ఇంజనులోకి దిగి ఆయిల్‌ను పలచబరుస్తుంది. పాత బళ్ల రబ్బరు భాగాలు కొన్ని ఇథనాల్‌ను తట్టుకోవు, ఉబ్బడమో పగలడమో జరుగుతుంది. వాషర్ ఖర్చు చిన్నదే, దాన్ని వాయిదా వేయకూడదు.

రిజర్వ్ రంధ్రం మూసుకుపోవడానికి పూర్తి భిన్నమైన లోపం ఒకటుంది. బండి ఎప్పుడూ ఆన్‌లోనే నడుస్తుంది, ఒకరోజు హెచ్చరిక లేకుండా ఆగిపోతుంది, రిజర్వ్‌కి తిప్పినా చుక్క రాదు. లోపలి నిలువు గొట్టం మొదట్లో విరిగి లేదా చిట్లి ఉంటుంది. ఆన్‌లో కూడా పెట్రోల్ అడుగు నుంచే వెళ్లిపోయి ఉంటుంది. దీనికి కాక్ మార్చడమే మార్గం.

కొన్ని మోడళ్లలో కాక్ ఇంజను పీల్పుతో తెరుచుకుంటుంది. వాటిలో ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆన్‌లోనూ రిజర్వ్‌లోనూ ధార రాదు, అది లోపం కాదు. ప్రైమ్ అనే స్థానం ఉంటే అందులో పరీక్షించాలి.

సీసాలో పట్టిన పెట్రోల్‌ను కొద్ది నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్లు వేరే పొరగా అడుగున కనిపిస్తాయి. కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడగాలి. ఫ్లోట్ చాంబర్ కింది స్క్రూ వదులుచేసి అక్కడి నీటినీ తీసేయాలి. ఇది మరిచిపోతే కొత్త పెట్రోల్ పోసినా బండి పాత గొడవే పడుతుంది. వరదలో మునిగిన బండికైతే కిక్కు కొట్టనే కొట్టకూడదు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ విప్పి, ఇంజన్ ఆయిల్ మార్చి, ఎయిర్ ఫిల్టర్ చూశాకే ట్యాంకు సంగతి.

కాక్ లేని బళ్లు

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని మోడళ్లూ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి, రిజర్వ్ పిడి కనుమరుగైంది. వీటిలో రిజర్వ్ అంటే మీటరులో వెలిగే దీపం మాత్రమే. పంపు ట్యాంకులోనే ఉండి పెట్రోల్‌తోనే చల్లబడుతుంది. అడుగంటే దాకా నడిపే అలవాటు దానికి చేటు. తేలే బుర్ర ఇరుక్కుంటే మీటరు తప్పు చూపిస్తుంది కాబట్టి కిలోమీటర్ల లెక్క కూడా గుర్తుంచుకోవాలి.

సూరత్‌లోనూ మన జిల్లాల్లోనూ పాత కార్బురేటర్ బళ్లు ఇంకా వేలల్లో తిరుగుతున్నాయి. వాటి యజమానులు జూన్ వానలకు ముందే కాక్ విప్పించి జాలీ కడిగించుకోవాలి, మూత చుట్టూ ఉన్న రంధ్రాలు పొడిపించుకోవాలి. తీసేసిన పాత పెట్రోల్‌ను మోరీలోనో ఖాడీలోనో పారబోయకండి, అంటుకునే ప్రమాదం ఉంది. మూత ఉన్న లోహపు డబ్బాలో పట్టి మెకానిక్‌కు అప్పగించండి. పెట్రోల్ పోయించుకున్నాక బంకు దాటకముందే పిడిని ఆన్‌కి తిప్పండి.