నైస్ ఆంటీ, సిల్లీ అమ్మ

మొన్న సాయంత్రం మా అమ్మాయి ట్యూషన్‌కి బయల్దేరుతూ పక్కింటావిణ్ణి తెగ మెచ్చుకుంది. "ఆంటీ ఎంత నైసో అమ్మా! ఎవర్నీ ఏమీ అనరు" అంది.

"మబ్బు పట్టింది, గొడుగు తీసుకెళ్లవే" అన్నాను.

"అబ్బ, సిల్లీగా మాట్లాడకమ్మా!" అనేసి చక్కా పోయింది.

పక్కింటావిడ నైసూ, కన్నతల్లి సిల్లీనూ! మనసు చివుక్కుమంది. బి.ఏ.లో ఇంగ్లీషు చదువుకున్న పుణ్యాన ఇంట్లో పెద్ద నిఘంటువొకటి ఉంది. దాని దుమ్ము దులిపి ఆ రెండు మాటల పుట్టుపూర్వోత్తరాలు చూద్దును కదా, కోపం పోయి నవ్వొచ్చింది.

నైస్‌కి పుట్టిల్లు లాటిన్. అక్కడ దాని అసలు రూపం "నెస్కియుస్". అంటే ఏమీ తెలియనివాడని అర్థం. "స్కిరే" అంటే తెలుసుకోవడం. మన పిల్లలు చదివే సైన్సు కూడా ఆ మాట సంతానమే! ఈ నైస్ ఫ్రెంచి మీదుగా వచ్చి, 1300 ప్రాంతంలో ఇంగ్లీషు గడప తొక్కింది. అప్పట్లో ఎవర్నయినా నైస్ అంటే తెలివితక్కువవాడని తిట్టినట్టే. పోనుపోను అతి సుకుమారం అనీ, సూక్ష్మమైనదనీ అర్థాలు మారి, 18వ శతాబ్దానికి "బాగుంది" అనే అర్థంలోకి వచ్చింది. ఆ తర్వాత దానికి పట్టపగ్గాల్లేవు. 1817 చివర్లో వెలువడిన జేన్ ఆస్టెన్ నవల "నార్తాంగర్ ఆబీ"లో, ఒక పుస్తకాన్ని నైస్ అన్నందుకు కాథరీన్‌ని హెన్రీ ఆటపట్టిస్తాడు, ఆ మాట దేనికైనా సరిపోతుందని!

సిల్లీ కథ దీనికి తలకిందులు. పాత ఇంగ్లీషులో అది "గెసేలిగ్". అంటే సుఖంగా ఉన్నవాడు, ధన్యుడు. దాని చుట్టమైన "జేలిగ్" అనే మాటకి జర్మన్‌లో ఇప్పటికీ ధన్యుడనే అర్థం. ఇంగ్లీషులో మాత్రం ధన్యుడు అమాయకుడయ్యాడు, అమాయకుడు పాపం అనిపించే దుర్బలుడయ్యాడు, 16వ శతాబ్దం చివరికొచ్చేసరికి బుద్ధితక్కువవాడై కూర్చున్నాడు.

మనకీ ఇది కొత్తేం కాదు. సంస్కృతంలో "ముహ్" అనే ధాతువుకి దిక్కుతోచకపోవడమని అర్థం. ముగ్ధ, మూఢ రెండూ అందులోంచి పుట్టినవే. ఒకటి కావ్యాల్లో నాయిక అయింది, రెండోది తిట్లలోకి దిగిపోయింది.

నా పెళ్లిచూపుల్లో మా అమ్మ, "మా పిల్లకేమీ తెలియదు వదినగారూ" అని ఎంతో గర్వంగా చెప్పింది. ఆవిడా సంతోషంగా తలూపారు. ఏడాది తిరక్కుండానే ఆ ఇంటి వంటింట్లో, "ఈ పిల్లకేమీ తెలియదు" అన్న మాట విని కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. నా తెలియనితనం అదే. దాన్ని మంచితనమన్నదీ వాళ్లే, మందమతితనమన్నదీ వాళ్లే. అందుకే మా అమ్మాయిని ఎవరైనా "నైస్ గర్ల్" అంటే, ఇకమీదట తొందరపడి మురిసిపోదల్చుకోలేదు. తెలుసుకుని, నోరు విప్పి అడిగే పిల్లయితే చాలు.

ఇంతలో వాన దంచేసింది. అమ్మాయి తడిసి ముద్దై వచ్చింది. తువ్వాలూ, వేడి పాలూ అందించాను.

"నువ్వెంత నైస్ అమ్మా!" అంది.

"వద్దులేవే తల్లీ, నన్ను సిల్లీగానే ఉండనీ" అన్నాను.