రేపటి జీతం ఎవరిది?

అమెరికాలో ఐపీ పెట్టడం చాలా తేలికన్న మాట మన ఊళ్లలో బలంగా నాటుకుపోయింది. అందులో నిజం సగమే. ఇక్కడ అమెరికాలో ఎంత అప్పుందన్న లెక్క తర్వాత. ఇంట్లోకి నెలనెలా ఎంతొస్తోందన్న లెక్క ముందు.

మొదట్లో ఇలా లేదు. స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు సమకూర్చిన రాబర్ట్ మోరిస్ భూముల బేరాల్లో నిండా మునిగి, 1798లో ఫిలడెల్ఫియాలో బాకీదారుల జైలుకు వెళ్లాడు. 1801లో బయటపడ్డాడంటే అంతకుముందు ఏడాది వచ్చిన దివాలా చట్టం పుణ్యమే. వ్యాపారులకే పనికొచ్చిన ఆ చట్టాన్ని 1803లో ఎత్తేశారు. 1841లో, 1867లో మళ్లీ తెచ్చి మళ్లీ రద్దుచేశారు. 1898లో గానీ నిలకడ రాలేదు. ఈ చట్టాలన్నీ ప్రధానంగా చూసింది ఆస్తినే. ఉన్నది అప్పజెప్పితే మిగతా అప్పు మాఫీ.

మరి ఆస్తే లేని జీతగాడి సంగతి? అతను తాకట్టు పెట్టగలిగింది రేపటి జీతాన్నే. షికాగోలో హంట్ అనే అతను 300 డాలర్లు తీసుకుని, రాబోయే జీతంలో కొంత భాగం అప్పిచ్చిన కంపెనీకి రాసిచ్చాడు. దివాలాలో ఆ అప్పు మాఫీ అయ్యాక కూడా కంపెనీ అతని జీతం కోసం కోర్టుకెక్కింది. 1934లో సుప్రీంకోర్టు కుదరదంది: మాఫీ తర్వాతి సంపాదన ఆ మనిషిదే, పాత అప్పు దాన్ని వెంటాడకూడదు. అమెరికా న్యాయచరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన తీర్పు ఇదే. నాలుగేళ్లకు, 1938లో, ఆస్తి వదులుకోకుండా జీతంలోంచి వాయిదాలు కట్టే మార్గం కూడా చట్టంలోకి వచ్చింది. అదే ఇప్పటి చాప్టర్ 13. ఇష్టమున్నవాళ్లే అందులోకి వెళ్లేవారు.

ఆ ఇష్టాన్ని బాగా కుదించింది 2005 చట్టం. జీతాలున్నవాళ్లు కూడా అప్పులు ఎగ్గొడుతున్నారంటూ క్రెడిట్ కార్డు కంపెనీలు ఏళ్ల తరబడి పట్టుబట్టి దాన్ని తెప్పించుకున్నాయి. అప్పటినుంచీ, అప్పుల్లో ఎక్కువ భాగం ఇంటి అవసరాలకు చేసినవైతే, ఆస్తి అప్పజెప్పి మాఫీ పొందే దారి, అంటే చాప్టర్ 7, కావాలంటే ‘మీన్స్ టెస్ట్’ దాటాలి. దరఖాస్తుకు ముందు ఆరు నెలల ఆదాయపు సగటు తీసి, ఏడాదికి లెక్కగట్టి, ఆ రాష్ట్రంలో అంతమంది ఉన్న కుటుంబాల మధ్యస్థ ఆదాయంతో పోలుస్తారు. అంతకు మించకపోతే చాప్టర్ 7 తలుపు తెరిచే ఉంటుంది. సాధారణంగా కొన్ని నెలల్లో మాఫీ దొరుకుతుంది. మించితే, చట్టం ఒప్పుకునే ఖర్చులు తీసేసి మిగులు చూస్తారు. మిగులు బాగా ఉంటే చాప్టర్ 7 దుర్వినియోగమనే అనుకుంటారు. చాలామందికి ఇక మిగిలేది చాప్టర్ 13, అదీ ఐదేళ్ల వాయిదాలతో. భార్యాభర్తలు కలిసి ఉంటే, ఒక్కరే దరఖాస్తు పెట్టినా ఇద్దరి జీతాలూ లెక్కలోకొస్తాయి. రెండోవారు తమ సొంతానికి పెట్టుకునే ఖర్చును మాత్రం తగ్గిస్తారు.

నాకు మింగుడుపడనిది ఆ ఆరు నెలల లెక్కే. నిన్న ఉద్యోగం ఊడినవాడు ఆ కాగితం మీద ఇంకా పెద్ద జీతగాడే. కాన్సాస్‌లో ఒకామెకు పాత కంపెనీ వదిలేస్తూ ఒక్కసారిగా ఇచ్చిన సొమ్ము సరిగ్గా ఆ ఆరు నెలల్లోనే పడింది. కొత్త ఉద్యోగంలో వచ్చేది తక్కువ. పాత సగటు ప్రకారం కట్టాలంటే ఆమె వల్ల అయ్యే పని కాదు. చాప్టర్ 13 వాయిదాలు తేల్చేటప్పుడు, ఖాయంగా కనిపిస్తున్న మార్పుల్ని కోర్టు చూడవచ్చని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. చాప్టర్ 7 గుమ్మం దగ్గర మాత్రం కొలత ఇప్పటికీ ఆ ఆరు నెలల సగటే. ప్రత్యేక పరిస్థితులున్నాయని రుజువులతో మొరపెట్టుకోవచ్చు. లేదా పెద్ద జీతపు నెలలు లెక్కలోంచి జారిపోయేదాకా ఆగాలి. అప్పటిదాకా అప్పులవాళ్ల ఫోన్లు ఆగవు.

ఇక్కడ పిల్లల ఉద్యోగం పోయిందని గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమ్మానాన్నలు నెలనెలా ఇంటిఖర్చుకు డబ్బు పంపుతుంటారు. క్రమం తప్పకుండా అలా వచ్చే సొమ్ము కూడా ఆ సగటులో ఆదాయమే. అక్కడ పిల్లల పేరిట కొన్న ప్లాటు ఉంటే, అది ఆస్తుల జాబితాలో రాసి తీరాలి. కాబట్టి డబ్బు పంపేముందు, ఆ జాబితా మీద సంతకం పెట్టేముందు, ఇక్కడి దివాలా లాయరుతో ఒకసారి మాట్లాడమని పిల్లలకు గట్టిగా చెప్పండి.