మా వాకిట్లో తారు, దాని కింద రేగడి

మా ఇంటి గేటు నుంచి ధాన్యం కొట్టు దాకా ఒక తారు దారి ఉందండీ. నలభై అడుగుల పొడవు, ట్రాక్టరు పట్టేంత వెడల్పు. పల్లెటూరి ఇంటి వాకిట్లో గచ్చు ఉంటుంది, నాపరాళ్ళు ఉంటాయి, ఈ మధ్య రంగురంగుల సిమెంటు పలకలు పరుస్తున్నారు. తారు ఎక్కడైనా చూశారా? పెళ్ళయి వచ్చిన కొత్తలో నేనూ అడిగాను. మావయ్యగారు నవ్వి ఊరుకున్నారు. అత్తయ్యగారు మాత్రం, "అదో పెద్ద కథలే, తరవాత చెప్తాను" అన్నారు. ఆ తరవాత అనేది రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

2025 భోగి రోజు తెల్లవారుజామున గేటు బయట మంట వేశాం. అత్తయ్యగారికి రెండేళ్ళ క్రితం మోకాలి ఆపరేషను అయింది, అప్పటినుంచీ వాకరే. మంట చూస్తానని నెమ్మదిగా వచ్చారు. గేటు దగ్గరికొచ్చేసరికి వాకరు కాలు తారులో ఉన్న పగుల్లోకి దిగబడిపోయింది. గేటు కమ్మీ అందింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. ఆవిడ మాత్రం, "రేగడి నోరు తెరిచిందే అమ్మాయ్" అన్నారు, అంతే.

పండగ వెళ్ళగానే మేస్త్రీని పిలిపించాం. మొత్తం తవ్వి పారేసి సిమెంటు పోయాలి, అరవై వేలు అన్నాడు. మా వారు చెరువుల లెక్కల్లో తలమునకలుగా ఉన్నారు, "వేసవి వెళ్ళాక చూద్దాంలే" అన్నారు. నాకు అప్పటిదాకా ఆగాలనిపించలేదు. అలా మొదలైన పని ఇది. పగులు పూడ్చడానికి దిగిన నేను, అసలు ఈ దేశంలో రోడ్లెలా వచ్చాయో చదవడంలో పడ్డాను. ఒక పని చెయ్యబోయి ఇంకోదాంట్లో పడటం మనకి అలవాటే కదా!

ముందు నేల గురించి చెప్పాలి. మాది ఏలూరుకి దక్షిణంగా, కొల్లేటి వైపు ఊరు. కృష్ణ, గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు దిబ్బల మధ్య మిగిలిపోయిన పళ్ళెం లాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళు అందులో చేరతాయి, ఉప్పుటేరు వాటిని సముద్రానికి తీసుకుపోతుంది. ఈ పల్లంలో నేల నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. మే నెలలో చేలోకి వెళ్తే నెర్రెల్లో కాలు దిగబడుతుంది. గోడలు బీటలు వారడం, తలుపులు ఒక కాలంలో పట్టేసి ఇంకో కాలంలో వదులవడం మా ఊళ్ళో ఎవరికీ వింత కాదు. నా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. అక్కడినుంచి వచ్చిన నాకు ఇవన్నీ కొత్త.

గూడెం అంటే గుర్తొచ్చింది, నేను సైకిలు నేర్చుకున్నది రన్‌వే మీద. నిజం రన్‌వేనే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిషు వాళ్ళు వేయించారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. యుద్ధం మన గడప దాకా వచ్చిన కాలం అది. నా చిన్నప్పుడు దానిమీద ఒక్క విమానాన్ని చూసిన గుర్తు లేదు, మాకది సైకిళ్ళు నేర్చుకునే చోటు. మా నాన్న వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవారు. ఎంత దూరం తొక్కినా ఎదురుగా ఎవరూ రారు, పడినా సిగ్గు లేదు. దారి అంటే ఇలా ఎప్పటికీ గట్టిగా, సమంగా ఉంటుందని అప్పట్లో నా నమ్మకం.

మా అత్తయ్యగారికి ఆ నమ్మకం ఎప్పుడూ లేదు. ఆవిడ పుట్టింది కొల్లేటి లంకలో. చిన్నప్పుడు ఆవిడకి దారి అంటే నీళ్ళే.

ఆవిడకే కాదు, ఒకప్పుడు ఈ ప్రాంతం మొత్తానికీ అంతే. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేయించాడు. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కి అయింది. రెండు నదుల కాలవలూ ఏలూరు దగ్గర కలిశాయి. ఇటు రాజమండ్రి నుంచి అటు బెజవాడకి, అక్కడినుంచి బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసు దాకా పడవలో పోవచ్చు. ధాన్యమూ పడవే, పెళ్ళివారూ పడవే, పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆడపిల్లా పడవే. 1893–96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా రైలు వచ్చాకే దూరప్రయాణాలు పడవ దిగాయి. డెల్టాలో ఎంత తవ్వినా రాయి తగలదు, కంకర కావాలంటే మెరక నుంచి తేవాల్సిందే. వానాకాలంలో రేగడిలో బండి ఇరుసు దాకా కూరుకుపోతుంది. అందుకే మా వైపు చాలా రోడ్లు ఇవాళ్టికీ కాలవ గట్టు పట్టుకునే పోతాయి. గట్టు ఒక్కటే మెరక మరి.

ఇంగ్లండులో 1810ల్లో మెకాడమ్ అనే స్కాట్లండు ఆయన ఒక మాట పట్టుకున్నాడు. బండి బరువు మోసేది పైన పరిచిన రాయి కాదట, కింద ఉన్న నేలేనట. ఆ నేలని పొడిగా ఉంచితే ఎంత బరువైనా మోస్తుంది, పైన చిన్న కంకర వేసేది దానికి గొడుగు పట్టడానికేనట. చదివినప్పుడు నాకు భలే అనిపించింది. మన కంకర రోడ్ల వెనక ఉన్న ఆలోచన అదే. తరవాత మోటార్లు వచ్చి దుమ్ము లేపడం మొదలయ్యాక తారు వచ్చింది. 1901లో హూలీ అనే ఇంజినీరు ఒక ఇనుప కొలిమి పక్కగా పోతుంటే, రోడ్డు మీద ఒలికిన తారు పీపా, దాన్ని కప్పెట్టడానికి ఎవరో చల్లిన చిట్టెం కలిసిపోయి దుమ్ము లేకుండా గట్టిపడి కనిపించాయట. మరుసటి ఏడు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1927లో జయకర్ కమిటీ వేశారు. రెండేళ్ళకి పెట్రోలు మీద పన్నుతో రోడ్ల నిధి వచ్చింది, 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వచ్చింది. అదంతా పెద్ద రోడ్ల సంగతి. మద్రాసు–కలకత్తా రోడ్డు, అంటే మనం నిన్నమొన్నటి దాకా ఐదో నంబరు అన్న ఇప్పటి పదహారో నంబరు జాతీయ రహదారి, ఏలూరు మీదుగా పోతున్నా, దానికి ఇవతల ఉన్న మా ఊరికి తారు రావడానికి 1980ల చివరిదాకా పట్టింది.

అప్పటి కథే అత్తయ్యగారు ఈసారి చెప్పారు. నేను పగుల్లో గరిక పీకుతుంటే కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుని చెప్పారు. రోడ్డు వేసే పాలమూరు కూలీల ముఠా మా దొడ్లోనే దిగిందట. తారు పీపాలు కొట్టు పక్కన, వంట మా బావి దగ్గర. ఆడవాళ్ళు గోనెపట్టా ముక్కలు కాళ్ళకి చుట్టుకుని, తట్టల్లో వేడి చిప్స్ మోసేవారట. సాయంత్రం కాళ్ళకంటిన తారు వదలకపోతే కిరసనాయిలుతో రుద్దుకుంటూ ఉంటే, చర్మం పాడవుతుందని ఈవిడ కొబ్బరి నూనె ఇచ్చేవారట. ఒకామెకి నెలల పిల్ల. ఉయ్యాల మా వేపచెట్టుకే. వెళ్ళిపోయే ముందు మిగిలిన మాలు గేటు నుంచి కొట్టు దాకా వేసి రోలరు తిప్పేశారు. డబ్బు కట్టే వేయించానని మావయ్యగారు పోయేదాకా అనేవారు. ఎవరికి కట్టారో అత్తయ్యగారికి ఈనాటికీ తెలియదు! నేను ఇక అడగలేదు. పోయిన మనిషి.

నన్ను ఆపింది మాత్రం ఇంకో మాట. తట్ట మోసింది ఆడవాళ్ళు, కంకర కొట్టింది ఆడవాళ్ళు, వాళ్ళలో ఒక్కరి పేరూ ఈవిడకి గుర్తు లేదు. మేస్త్రీ పేరు గుర్తుంది. నేను పలుగు పట్టుకుంటే, "అదేం ఆడవాళ్ళ పనమ్మా" అని గేటు బయటినుంచి ఇద్దరు అనేశారు మరి.

ఇక పని. మనం తారు అనేది నిజానికి పాతకాలపు బొగ్గు తారు కాదు, పెట్రోలియం శుద్ధి చేశాక అడుగున మిగిలే బిటుమెన్. నూట యాభై డిగ్రీలు దాటి కాస్తే గానీ సరిగ్గా పారదు. దయచేసి ఎవరూ పొయ్యి మీద పెట్టకండి, ఒంటి మీద పడితే అంటుకుపోతుంది, ఊడదు. నీళ్ళలో కలిపిన ఎమల్షన్ డబ్బాల్లో దొరుకుతుంది, కాచక్కర్లేదు. పోసినప్పుడు కాఫీ డికాషను రంగులో ఉంటుంది, నీరు ఆరిపోగానే నల్లబడుతుంది.

మొదటిరోజు తొందరపడ్డాను. పైపైన ఊడ్చి, అడుగున తేమ ఉండగానే పోసేశాను. మర్నాటికి పెనం కాలకుండా పోసిన దోసెలా చుట్టచుట్టుకుని లేచొచ్చింది. అత్తయ్యగారు చూసి, "పడవకి కీలు అలాగా పోసేది?" అన్నారు. కీలంటే తారుకి పాత పేరు. వాళ్ళ నాన్నగారి పడవని ఏటా ఒడ్డుకి లాగి, బోర్లించి, రోజుల తరబడి ఎండబెట్టేవారట. సందుల్లో పాత పీచంతా గీకి తీసేసి, కొత్తది కూరి, అప్పుడు కీలు పోసేవారట. ఎండకపోతే పట్టదు, కూరకుండా పోస్తే నిలవదు. ఆవిడ చెప్పినట్టే చేశాను. గరిక వేళ్ళతో సహా లాగి, స్క్రూడ్రైవరుతో గీకి, కొబ్బరీనెల చీపురుతో ఊడ్చి, మూడు రోజులు ఎండనిచ్చాను. లోతు పగుళ్ళలో గరుకు ఇసుక కూరి, పైన అర అంగుళం వదిలాను. ఎమల్షన్ రెండుసార్లుగా పోశాను, మొదటిది ఆరాక కిందకి దిగుతుంది కాబట్టి. చెప్పులకి అంటకుండా పైన కాస్త ఇసుక చల్లాను.

గేటు దగ్గర మాత్రం అది చాలలేదు. అక్కడ మొసలి వీపులా గళ్ళుగళ్ళుగా చిట్లింది. అలా చిట్లిందంటే అడుగు పోయిందని అర్థం, పైన ఎంత పూసినా దండగ. అంచులు నిలువుగా కొట్టి, కదిలే ముక్కలన్నీ తీసేశాను. కింద కంకర సందుల్లోకి నల్లమట్టి పైకి ఎక్కేసి ఉంది. డాబా మీది వాన గొట్టం సరిగ్గా అక్కడే దిగుతోంది, ఇన్నేళ్ళూ ఎవరం చూసుకోలేదు! ఆ మట్టి తీసేసి, క్రషర్ డస్టు పోసి దిమ్మిసతో కొట్టి, అడుగునా అంచులకీ ఎమల్షన్ రాసి, సంచుల్లో అమ్మే కోల్డ్ మిక్స్ రెండు వరసలుగా వేసి మళ్ళీ కొట్టాం. మా అబ్బాయి స్కూటరు పదిసార్లు ముందుకీ వెనక్కీ నడిపాడు. గొట్టం పొడిగించి అరటి పాదులోకి తిప్పాం. అంతా కలిపి ఐదు వేల లోపే అయింది.

కానీ ఒక సంగతి నాకు అంతుపట్టలేదు. ముప్పై ఏళ్ళకి పైగా ఆ గేటు దగ్గర పగలలేదు. కొట్టు వైపు ఎప్పుడో పగిలింది గానీ ఇక్కడ కాదు. గొట్టం అప్పుడూ ఉంది. మరి ఇప్పుడెందుకు?

రాత్రి గిన్నెలు తోముకుంటుంటే తట్టింది. తారు మీద ముగ్గేమిటని అత్తయ్యగారు గేటుకి అటూ ఇటూ మట్టి మీదే ముగ్గు వేసేవారు. రోజూ తెల్లవారుజామున రెండు బకెట్లు పేడనీళ్ళు కళ్ళాపి. నిండు మే నెలలో కూడా. 2023లో ఆపరేషను అయ్యాక ఆగిపోయింది. నేను పండగలకి తప్ప చల్లే మనిషిని కాను. 2024 ఎండలకి అంచులు నెర్రెలు బారాయి, పగులు తారు కిందకి పాకింది. ఆ సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు నిండిపోయింది, ఏలూరు–కైకలూరు రోడ్డు మీద నీళ్ళు పారాయి. మా వాకిట్లోనూ వారం రోజులు నిలిచాయి. గొట్టం నీళ్ళు, వరద నీళ్ళు ఆ నెర్రెల్లోంచే లోపలికి దిగాయి. మెకాడమ్ నేలని పొడిగా ఉంచమన్నాడు, ఆయన నేలకి అది సరే. రేగడికి మరీ పొడీ పనికిరాదు, మరీ తడీ పనికిరాదు. ఏడాది పొడుగునా ఒకేలా ఉండాలి. ఆవిడ రెండు బకెట్లు చేసిన పని అదే అని నాకనిపిస్తోంది. చెప్తే, "నేనేదో లక్ష్మి కోసం చల్లాను గానీ నీ తారు కోసమా" అని నవ్వారు.

పూడ్చడానికి సంక్రాంతి వెళ్ళిన రోజులు కుదరడం కూడా అదృష్టమే. మే నెలలో నెర్రె బాగా తెరుచుకున్నప్పుడు నిండా నింపితే, వానలకి నేల ఉబ్బి అదంతా పైకి తన్నేస్తుంది. నడి తేమలో చేస్తే అటూ ఇటూ కాస్త జరిగే చోటు ఉంటుంది.

వానాకాలం వెళ్ళింది. గేటు దగ్గర అతుకు నిలిచింది. కొట్టు వైపు ఒకచోట ఇసుక ఎక్కువ కూరినట్టున్నాను, వేలెడు ఎత్తున ఉబ్బింది. మళ్ళీ సంక్రాంతి వెళ్ళాక దాన్ని చెక్కాలి. కళ్ళాపి ఇప్పుడు నేనే చల్లుతున్నాను, పేడ కాదు, ఉత్త నీళ్ళే. బకెట్టు చప్పుడు వినగానే వాకరు టక్కుటక్కుమంటూ గేటు దాకా వస్తుంది. ఎడం పక్క ఇంకాస్త చల్లమంటారు ఆవిడ.