ముస్సోలినీకి జనం సమ్మతి ఉందా?

ఇటలీ చరిత్రకారుడు రెంజో డె ఫెలిచె రాసిన ముస్సోలినీ జీవితచరిత్ర గురించి సాధారణంగా రెండు అభిప్రాయాలే వింటాం. నియంతకు మచ్చలు కడిగారని కొందరంటే, వామపక్షాలు దాచిన నిజాన్ని ఆయనొక్కరే బయటపెట్టారని మరికొందరంటారు. రెండూ సరికావని నా నమ్మకం.

1956లో హంగరీ తిరుగుబాటును సోవియట్ సేనలు అణచిన తర్వాత డె ఫెలిచె కమ్యూనిస్టు పార్టీని వదిలారు. 1961లో ఫాసిస్టు పాలనలోని ఇటలీ యూదుల చరిత్ర వెలువరించారు. 1965లో మొదలైన జీవితచరిత్ర 1968 నాటికి మూడు పుస్తకాలైంది.

అసలు దుమారం 1974లో వచ్చిన పుస్తకంతో రేగింది. 1929–36 మధ్య ఇటలీ ప్రజల్లో అధికభాగం ఆ పాలనకు సమ్మతించారని అందులో వాదించారు. మరుసటి ఏడాది అమెరికన్ చరిత్రకారుడు మైకేల్ లెడీన్‌తో ఆయన సంభాషణ చిన్న పుస్తకంగా రావడంతో మంట పెరిగింది. వందల పుటల్లో ఆచితూచి చెప్పింది అక్కడ సూటి తీర్పుగా వినిపించింది. నికోలా త్రాన్‌ఫాల్యా వంటి చరిత్రకారులు తీవ్రంగా ఖండించారు. అయితే ఫాసిజానికి జనబలం ఉందన్న మాట కొత్తదేమీ కాదు. కమ్యూనిస్టు నాయకుడు తొల్యాత్తి 1935లోనే మాస్కో ఉపన్యాసాల్లో ఆ సంగతి విశ్లేషించాడు.

సమ్మతి వాదనను పూర్తిగా ఒప్పుకోకుండా నన్ను ఆపేది సాక్ష్యాల తూకం. 1929 ఎన్నికలో ఉన్నది ఒకే జాబితా. 98 శాతం పైగా అవునన్నారు, కానీ 1926లోనే రాజకీయ ప్రత్యర్థులను శిక్షించే ప్రత్యేక ట్రిబ్యునల్ ఏర్పడిన దేశంలో ఆ అంకెకు విలువెంత? పోలీసు నివేదికలను డె ఫెలిచె విస్తారంగా వాడారు. పైవాళ్లకు నచ్చేలా వేగులు రాసినవీ వాటిలో ఉంటాయి. అలాగని అంతా భయమేననలేం. ఇథియోపియా యుద్ధకాలంలో, 1935 డిసెంబరు 18న మహిళలు దేశం కోసం పెళ్లి ఉంగరాలు ఇచ్చారు. అందులో ఒత్తిడీ ఉంది, నిజమైన ఆవేశమూ ఉంది. ఆ రెండింటినీ విడదీసే పద్ధతి ఈ గ్రంథంలో నాకు కనిపించదు. మరో లోపం నాకింకా బాధాకరం: అంతా ముస్సోలినీ, ఆయన రాజకీయం చుట్టూనే తిరగడంతో ఇథియోపియన్లు దాదాపు కనుమరుగయ్యారు. ఆ యుద్ధంలో ఇటలీ సైన్యం చేసిన విషవాయువు ప్రయోగాన్ని ఏళ్ల తరబడి శ్రమించి వెలికితీసింది మరో చరిత్రకారుడు ఆంజెలో దెల్ బోకా. ఇటలీ రక్షణ శాఖ దాన్ని ఒప్పుకున్నది 1996లో, డె ఫెలిచె కన్నుమూసిన సంవత్సరంలో.

అసంపూర్ణమైన చివరి సంపుటం 1997లో వెలువడింది. ఇప్పుడు ఆయన పేరు వాడుకునే ఇరుపక్షాలూ సంపుటాలకన్నా 1975 నాటి ఆ చిన్న పుస్తకాన్నే పట్టుకోవడం అన్యాయం. బ్రిటిష్ చరిత్రకారుడు క్రిస్టఫర్ డగ్గన్ 2012లో సామాన్యుల డైరీలు, లేఖలతో అదే ప్రశ్నను మళ్లీ అడిగి మరింత ముందుకు వెళ్లారు. అయినా చదువురాని దక్షిణాది కూలీ ఏమనుకున్నాడో ఆ కాగితాల్లోనూ తక్కువే దొరుకుతుంది.