ప్రోనోటు నుంచి తీర్మానం దాకా: చుక్కల గీత చరిత్ర

మన సంఘాల్లో ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక కాగితం కావాలి. అప్పు దరఖాస్తు, తీర్మానం, రసీదు, తూకం చీటీ, ఇలా. వీటిలో కొన్ని మాటలు ముందే అచ్చయి ఉంటాయి. మిగతా చోట చుక్కల గీత ఉంటుంది. అక్కడ మనం పేరు, మొత్తం, తేదీ రాస్తాం. ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎవరు నింపితే ఏమవుతుందో ప్రతి సభ్యురాలికీ తెలిసి ఉండాలి.

పూర్వం ఊళ్లో లెక్కలన్నీ కరణం దగ్గరే ఉండేవి. తాటాకుల మీద రాసి కట్టిన ఆ లెక్కల్ని కవిలెకట్ట అనేవారు. కాగితం వచ్చాక కూడా అప్పు పత్రం, అమ్మకం దస్తావేజు ప్రతిసారీ మొదటి నుంచి చేత్తో రాయాల్సిందే. అయితే రాసేవాడు కొత్తగా కల్పించేది తక్కువ. ‘ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారికి రాసి ఇచ్చిన పత్రం ఏమనగా’ అనే వరస అతనికి నోటికొచ్చు. మారేవల్లా పేర్లు, రూపాయలు, హద్దులు, తేదీ. అంటే నమూనా అతని బుర్రలో ఉండేది. చదువు రాని ఆడమనిషి ఏ కాగితం కావాలన్నా అతని గడప తొక్కాల్సి వచ్చేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరణం పదవులు 1984లో రద్దయ్యాయి.

అచ్చు ఫారాలు వచ్చాక ఆ వరస కాగితం మీదికెక్కింది. మనకు బాగా తెలిసిన ప్రోనోటు అలాంటిదే. దీనికి ఆధారమైన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది, ఇప్పటికీ అమల్లో ఉంది. మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తాం కదా, ఆ రెండూ తేడాగా ఉంటే అక్షరాల్లో రాసిందే చెల్లుతుందని ఆ చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. అందుకే ‘అక్షరాలా’ అన్న గీతను ఎప్పుడూ వదిలేయకూడదు.

20వ సెక్షన్ ఇంకా ముఖ్యం. స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద గానీ, సగమే నింపిన నోటు మీద గానీ సంతకం చేసి ఇచ్చామంటే, ఆ స్టాంపుకు సరిపోయే మొత్తం దాకా నింపుకునే అధికారం ఎదుటివారికి ఇచ్చినట్టే చట్టం మొదట భావిస్తుంది. ఐదు వేలు తీసుకుని ఖాళీ నోటు మీద వేలిముద్ర వేసిన మనిషి, రేపు అందులో యాభై వేలు కనిపిస్తే, అంత తీసుకోలేదని తానే రుజువు చేసుకోవాలి. చుక్కల గీత రాసే శ్రమ తగ్గించింది నిజమే. కానీ నింపకుండా సంతకం పెడితే అదే గీత మెడకు చుట్టుకుంటుంది.

తర్వాత మన కాలం వచ్చింది. 1982లో డ్వాక్రా మొదలైంది. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని ప్రయోగంగా ప్రారంభించింది. రిజిస్ట్రేషన్ లేని సంఘానికి కూడా బ్యాంకు అప్పు ఇవ్వొచ్చన్నది అప్పట్లో పెద్ద మార్పు. ఈ లింకేజీలో సభ్యులు తమలో తాము రాసుకునే ఒప్పందం, బ్యాంకుతో చేసుకునే ఒప్పందం, అప్పు దరఖాస్తు మన చేతికొచ్చాయి. మినిట్స్ పుస్తకంలో తీర్మానం మనమే రాయడం నేర్చుకున్నాం. ఎవరికి ఎంత ఇవ్వాలో అందరి ముందూ చదివి, తర్వాతే సంతకాలు పెట్టాం. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసిన రోజులకూ దీనికీ అదే తేడా.

ఇప్పుడు మన సంఘాలు వ్యాపారాలు కూడా చేస్తున్నాయి. ఇక్కడ కొత్త చిక్కు వచ్చింది. పోయిన ఏడాది కాగితాన్నే కంప్యూటర్‌లో తెరిచి, పేర్లు మార్చి వాడేస్తున్నాం. ధాన్యం కొనుగోలు చీటీనే తీసుకోండి. సాధారణ రకానికి మద్దతు ధర 2023-24లో క్వింటాలుకు 2,183 రూపాయలు, 2024-25లో 2,300. పాత చీటీలో ధర మార్చడం మర్చిపోతే క్వింటాలుకు 117 రూపాయల తేడా. వంద క్వింటాళ్లకు 11,700. రైతు అడిగితే సంతకం పెట్టిన మనమే జవాబు చెప్పాలి.

దీనికి మందు, పాత కాగితం నుంచి ఖాళీ నమూనా తయారు చేసుకోవడం. ఒకే పనికి రాసిన మూడు పాత కాగితాలు పక్కపక్కన పరవండి. మూడింట్లోనూ ఒకేలా ఉన్న మాటల్ని అలాగే ఉంచండి. మారినవన్నీ చెరిపి గీత పెట్టండి. ధర, వడ్డీ శాతం, అధ్యక్షురాలి పేరు ఇప్పుడు మారకపోయినా రేపు మారతాయి. వాటికీ గీతే పెట్టాలి. ప్రతి గీత కింద అక్కడ ఏం రాయాలో చెప్పండి: ‘పేరు, బ్యాంకు పుస్తకంలో ఉన్నట్టు’, ‘తూకం, కిలోల్లో’. పాత సభ్యురాలి ఆధార్ నంబరు, ఖాతా నంబరు ఎక్కడా మిగలకుండా చూడండి. కంప్యూటర్‌లో అయితే మారని మాటలకు తాళం వేసి, ఖాళీల్లో మాత్రమే రాయనిచ్చే ఏర్పాటు ఉంటుంది. మూల ప్రతిని వేరే పేరుతో దాచి, దానికి నకలు తీసి ఆ నకలునే నింపాలి. చివరగా ఆ నమూనాను ఈ పని ఎప్పుడూ చేయని సభ్యురాలికి ఇచ్చి నింపమనండి. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ మాట మార్చాలి.

నమూనా మనం చేసుకున్నదైనా సంతకానికి పద్ధతి మారదు. ముందు ఖాళీలన్నీ నింపాలి, అక్కర్లేని గీత కొట్టేయాలి, చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం. ఒక ప్రతి మన దగ్గర ఉండాలి. వచ్చే సమావేశానికి మీ సంఘం తరచూ వాడే కాగితాలు తీసుకురండి. అందరం కూర్చుని వాటిని నమూనాలుగా మార్చుకుందాం.