స్థానిక తేనె

స్థానిక తేనె అనగా ఒక ప్రాంతంలోని పూల మకరందం నుండి తేనెటీగలు తయారుచేయగా, ఆ ప్రాంతపు సేకరణదారులు లేదా పెంపకందారులు తీసి, దూరపు కర్మాగారాలలో కలగలుపు కాకుండా సమీపంలోని వినియోగదారులకు అమ్మే తేనె. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇది ముఖ్యంగా మూడు విధాలుగా లభిస్తుంది: అడవులలో గిరిజనులు సేకరించే తేనె, పెట్టెలలో పెంచిన ఈగల తేనె, వీధులలో తిరిగి అమ్మే తేనె. స్థానికంగా దొరికినంత మాత్రాన తేనె స్వచ్ఛమైనదని చెప్పడానికి వీలులేదు. అయితే ఎవరు తీశారో, ఎక్కడ, ఏ కాలంలో తీశారో అడిగి తెలుసుకునే అవకాశం ఇందులో ఎక్కువ.

తేనెటీగలు

తెలుగులో తేనెటీగకు జుంటీగ అనే పేరు కూడా ఉంది. తేనెపట్టును తేనెతుట్టె, పెర అని కూడా అంటారు. తెలుగు ప్రాంతాలలో తేనెనిచ్చే ముఖ్యమైన ఈగలు ఇవి:

* కొండ తేనెటీగ (ఎపిస్ డార్సేటా): పెద్ద చెట్ల కొమ్మలకు, కొండ చరియలకు, ఎత్తైన కట్టడాలకు ఒకే పెద్ద పట్టు పెడుతుంది. దీనిని పెట్టెలలో పెంచడం సాధ్యం కాదు. అడవి తేనెలో అధికభాగం దీనిదే.
* పుట్ట తేనెటీగ (ఎపిస్ సెరెనా ఇండికా): చెట్టు తొర్రలలోను, పుట్టలలోను, గోడల సందులలోను వరుసగా అనేక పట్లు పెడుతుంది. పెట్టెలలో పెంచవచ్చు. ఒక పెట్టె నుండి సంవత్సరానికి సుమారు 6 నుండి 8 కిలోల తేనె వస్తుంది.
* చిన్న తేనెటీగ (ఎపిస్ ఫ్లోరియా): పొదలలో అరచేయంత పట్టు పెడుతుంది. తేనె చాలా తక్కువ.
* ఐరోపా తేనెటీగ (ఎపిస్ మెల్లిఫెరా): 1960లలో ఉత్తర భారతదేశంలో స్థిరపరచబడి, తరువాత దక్షిణాదికి వ్యాపించింది. మంచి పూత ఉన్నచోట ఒక పెట్టె నుండి 25 నుండి 40 కిలోల వరకు దిగుబడి ఉంటుంది.

పూలు, కాలాలు

తేనె రంగు, వాసన, రుచి పూలను బట్టి మారుతాయి. అరకు లోయలో చలికాలం ప్రారంభంలో వలిసె పూలు, మెట్ట ప్రాంతాలలో పొద్దుతిరుగుడు, తీరప్రాంతంలో జీడిమామిడి, కొబ్బరి, అంతటా వేప, కానుగ, చింత, నేరేడు ఈగలకు ఆధారం. అడవులలో ప్రధాన సేకరణ వేసవిలో జరుగుతుంది. కనుక ఒకే అమ్మకందారు వద్ద ఏడాది పొడుగునా తేనె ఒకే రంగులో, ఒకే చిక్కదనంతో ఉంటే అది ఎలా సాధ్యమైందో అడగవలసి ఉంటుంది.

కొన్ని తేనెలు పేరుకుని గడ్డకడతాయి. ఇది కల్తీకి గుర్తు కాదు. గ్లూకోజు పాలు ఎక్కువగా ఉన్న పొద్దుతిరుగుడు, ఆవ తేనెలు త్వరగా పేరుకుంటాయి. సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచితే తిరిగి కరుగుతుంది. పొయ్యి మీద కాచరాదు.

అడవి తేనె

నల్లమల అడవులలోని చెంచులకు తేనె సేకరణ తరతరాల వృత్తి. అడవితీగలతో పేనిన తాళ్ల సాయంతో కొండ చరియల మీదికి దిగి, పొగబెట్టి, పట్టు కోస్తారు. చెంచుల జీవనంపై మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో ఒక గ్రంథం ప్రచురించాడు. విశాఖ, గోదావరి మన్యంలోని గిరిజనులు కూడా తేనె సేకరిస్తారు.

2006 నాటి అటవీ హక్కుల చట్టం తేనెను, మైనాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో చేర్చి, వాటిని సేకరించి అమ్ముకునే హక్కును అడవిపై ఆధారపడిన ప్రజలకు ఇచ్చింది. గిరిజనుల నుండి అటవీ ఉత్పత్తులను కొనేందుకు 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు వేరొక సంస్థ ఏర్పడింది. ఈ సంస్థల విక్రయశాలలలో పట్టణవాసులకు అడవి తేనె లభిస్తుంది.

పట్టు మొత్తాన్ని కోసి పిండితే పిల్ల పురుగులు నశించి, తేనెలో మలినాలు చేరతాయి. కొండ తేనెటీగ పట్టులో తేనె పైభాగంలో ఒక వైపున నిల్వ ఉంటుంది. ఆ భాగం మాత్రమే కోసి, పిల్లలున్న భాగాన్ని వదిలితే ఈగలు మళ్లీ తేనె నింపగలవు. తేనె నిండి, ఈగలు మైనంతో మూసిన గదుల నుండి తీసినదే పక్వమైన తేనె. తొందరపడి తీసిన తేనెలో నీటిపాలు ఎక్కువై పులుస్తుంది.

కల్తీ, పరీక్షలు

నీటి గ్లాసులో చుక్క వేయడం, వత్తిని తేనెలో ముంచి వెలిగించడం, కాగితంపై వేసి చూడడం వంటి ఇంటి పరీక్షలు ప్రచారంలో ఉన్నాయి. ఇవి నమ్మదగినవి కావు. చిక్కని పంచదార పాకం కూడా నీటిలో అడుగుకు చేరుతుంది. నీటిపాలు ఎక్కువగా ఉన్న అసలు తేనె ఈ పరీక్షలలో తప్పవచ్చు.

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం తేనెలో నీరు 20 శాతానికి మించరాదు. సుక్రోజు సాధారణంగా 5 శాతానికి మించరాదు. అయినా కల్తీదారులు ప్రమాణాలకు తగ్గట్టు పాకాలను మార్చుకుంటున్నారు. చెరకు, మొక్కజొన్న చక్కెరలను గుర్తించే పరీక్షకు బియ్యం, బీట్‌రూట్ పాకాలు చిక్కవు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్షింపజేసి, 3 మాత్రమే అన్ని పరీక్షలలో నెగ్గాయని ప్రకటించింది. పలు కంపెనీలు ఈ ఫలితాలను ఖండించాయి. చవక పాకాల వలన ధర పడిపోయినపుడు మొదట నష్టపోయేది నిజాయితీగా పెట్టెలు పెంచే రైతే.

సమీపంలో తేనె దొరికే చోట్లు

* గిరిజన సహకార సంస్థ విక్రయశాలలు
* రైతు బజార్లు, స్వయంసహాయక సంఘాల ప్రదర్శనలు, ఖాదీ భండారాలు
* పండ్లతోటలలో, పొద్దుతిరుగుడు చేలలో పెట్టెలు ఉంచే పెంపకందారులు. వీరి వివరాలు జిల్లా ఉద్యాన శాఖ కార్యాలయంలోను, కృషి విజ్ఞాన కేంద్రంలోను అడగవచ్చు.

పట్టు ఎక్కడిది, ఏ నెలలో తీశారు, పిండారా లేక యంత్రంతో తీశారా, వేడిచేశారా అనే ప్రశ్నలకు తీసినవారు తడుముకోకుండా సమాధానం చెప్పగలరు. సీసాలలో అమ్మే తేనెపై 14 అంకెల ఆహార భద్రత సంఖ్య, తయారైన తేదీ చూడాలి. ఆగ్‌మార్క్ ముద్ర ఉంటే మరొక ఆధారం. వీధిలో బకెట్టులో పట్టు ముక్కను ఉంచి అమ్మినంత మాత్రాన, ఆ తేనె ఆ పట్టులోనిదే అనడానికి ఆధారం లేదు.

జాగ్రత్తలు

పుట్టిన బిడ్డకు నాలుకపై తేనె రాయడం మన ఇళ్లలో ఆచారంగా ఉంది. సంవత్సరం నిండని శిశువులకు ఏ తేనె అయినా పెట్టరాదు. తేనెలో ఉండే అవకాశమున్న క్లాస్ట్రిడియం బాట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు శిశువు పేగులలో పెరిగి, ప్రాణాపాయమైన పక్షవాతాన్ని కలిగించగలవు. తేనె స్వచ్ఛమైనదైనా ఈ ప్రమాదం తొలగదు.

స్థానిక తేనె తింటే పుప్పొడి ఎలర్జీ తగ్గుతుందనే నమ్మకానికి గట్టి ఆధారాలు లేవు. ఎలర్జీ కలిగించే పుప్పొడి ఎక్కువగా గాలి ద్వారా వ్యాపించేది. ఈగలు ప్రధానంగా తెచ్చేది పూల పుప్పొడి. మధుమేహం ఉన్నవారికి తేనె కూడా చక్కెరతో సమానమే.

ఇవి కూడా చూడండి

* తేనెటీగ
* తేనెటీగల పెంపకం
* చెంచులు
* నల్లమల అడవులు